కొలంబో ‘మర్డర్ బై ది బుక్’ తెలుగు సబ్‌టైటిళ్లు: ఆ ఫోన్ కాల్ ఇంకా లొంగలేదు

ఎపిసోడంతా కుదిరింది, ఒక్క వాక్యం తప్ప. ఎపిసోడ్ మొత్తం ఆ వాక్యం మీదే నిలబడింది కాబట్టి ఫైలు పూర్తయిందని అనబుద్ధి కావడం లేదు.

1971 సెప్టెంబరు 15న అమెరికన్ టీవీ ఛానెల్ ఎన్‌బీసీలో వచ్చిన ఈ కథతోనే డిటెక్టివ్ కథల ‘కొలంబో’ సిరీస్‌గా మొదలైంది. అంతకుముందు వచ్చినవి రెండూ పైలట్లు, అంటే సిరీస్‌కి ముందు ప్రయోగంగా తీసినవి. రచన స్టీవెన్ బోచ్కో, దర్శకత్వం అప్పటికి పాతికేళ్లు నిండని స్పీల్‌బర్గ్. మొదట్లో వచ్చే టైప్‌రైటర్ మోతకి ‘[టైప్‌రైటర్ చప్పుడు]’ అని ఒక్కసారి వేసి వదిలేశాను, బాగా కుదిరింది. హంతకుడిని బెదిరించే లిల్లీ లా సాంకా సీన్లూ ఇబ్బంది పెట్టలేదు.

మొండికేసింది హత్య సీను. కెన్ ఫ్రాంక్లిన్ తన తోటి రచయిత జిమ్ ఫెరిస్‌ని లాస్ ఏంజెలెస్ నుంచి శాన్ డియాగో వైపున్న తన కేబిన్‌కి తీసుకెళ్తాడు. ఇంకా ఆఫీసులోనే ఉన్నానని జిమ్ చేత అతని భార్య జోఆనాకి ఫోన్ చేయించి, లైన్లో ఉండగానే కాల్చేస్తాడు. ఆఫీసులోనే ఏదో జరిగిందని జోఆనా నమ్మాలంటే ఆ పేలుడు ఆమె చెవిన పడాలి. చూసేవాడికీ అంతే. ఆ క్షణంలో తెర మీద అక్షరాలుంటే కన్ను అక్కడే చిక్కుకుంటుంది. అందుకే పేలుడుకి 2 ఫ్రేముల ముందు, అంటే సెకనుకి 23.976 ఫ్రేముల లెక్కన 83 మిల్లీసెకన్ల ముందు, సబ్‌టైటిల్ పోవాలి.

నేను రాసుకున్న వాక్యం: ‘ఆఫీసులోనే ఉన్నాను, ఈ రాత్రి ఆలస్యమవుతుంది.’ ఇవ్వగలిగిన సమయం 2 సెకన్లు. సబ్‌టైటిల్ ఎడిటర్ సాఫ్ట్‌వేర్ సెకనుకి 21 అక్షరాలని ఎర్రగా చూపించింది, పెట్టిన పరిమితి 17. అది లెక్కపెట్టేది కోడ్‌పాయింట్లని, అంటే కంప్యూటర్ విడిగా దాచుకునే ఒక్కో గుర్తుని. పొల్లు, గుణింతం, ఒత్తు అన్నీ విడివిడిగా కలిపితే ఈ వాక్యం 42. కంటికి ఒక అక్షరంగా కనిపించేదాన్ని ఒకటిగా పట్టే గ్రాఫీమ్ లెక్క పాత పద్ధతిలో 27, ఎందుకంటే అది ‘న్నా’ని రెండుగా విడగొడుతుంది. అక్షరాలకి కంప్యూటర్ ప్రమాణమైన యూనికోడ్ 15.1లో తెలుగు సంయుక్తాక్షరాలని ఒక్కటిగా పట్టే నియమం వచ్చింది, దాని ప్రకారం ఖాళీలూ విరామచిహ్నాలూ కలిపి 24. సెకనుకి 12 అన్నమాట, హాయిగా చదవొచ్చు. తెలుగుకి కోడ్‌పాయింట్ల లెక్క నమ్మడం దండగ. ఎరుపు చూసి మంచి వాక్యాలని నరికేయకండి.

లెక్క తేలినా సమస్య తీరలేదు. లాప్‌టాప్‌లో ఎంపీవీ అనే వీడియో ప్లేయర్ మీద ఫ్రేము తప్పకుండా పోతున్న ఆ వాక్యం, టీవీలో పెన్‌డ్రైవ్ పెట్టి చూస్తే పేలుడు దాటాక కూడా ఉంటోంది. టీవీలో పెట్టినది సెకనుకి 25 ఫ్రేముల వీడియో కాపీ అయ్యుంటుందా? కాదు, ఆ తేడా ఉంటే చివరికొచ్చేసరికి దాదాపు 3 నిమిషాలు జరగాలి. ఇక్కడ చివరి సీను కూడా సరిగ్గానే ఉంది. ఎస్ఆర్‌టీ (విడి సబ్‌టైటిల్ ఫైలు)లో సమయాన్ని మిల్లీసెకన్లకి సవరించడం వల్ల వచ్చే తేడా ఒక ఫ్రేము కూడా ఉండదు.

అంకెలు మాత్రమే ఉన్న పరీక్ష ఫైలు చేసి, ముగింపుని 100 మిల్లీసెకన్ల చొప్పున జరుపుతూ తెరని ఫోన్లో 60 ఫ్రేములతో తీశాను. ఆలస్యం ఒక్కోచోట ఒక్కోలా, దాదాపు సున్నా నుంచి అర సెకను వరకూ కనిపించింది. టీవీ ప్లేయర్ సబ్‌టైటిల్‌ని అర సెకనుకోసారే చూసుకుంటోందని నా అనుమానం.

అదే నిజమైతే ముగింపుని 12 ఫ్రేములు ముందుకి లాగాలి, మిగిలేది 1.5 సెకన్లు. వాక్యాన్ని ‘ఆఫీసులోనే ఉన్నా, ఆలస్యమవుతుంది.’ అని కుదిస్తే 18 అక్షరాలు, మళ్లీ సెకనుకి 12. కాగితం మీద బాగానే ఉంది. కానీ వాక్యం తెర మీదికి రావడమూ అర సెకను ఆలస్యమైతే నికరంగా 1 సెకనే దక్కుతుంది, 18 అక్షరాలు అందులో పట్టవు. మొదలుని ముందుకి జరుపుదామంటే దీనికి ముందొచ్చే సబ్‌టైటిల్‌కీ దీనికీ మధ్య ఖాళీ 2 ఫ్రేములే. రెంటినీ కలిపేస్తే జిమ్ చెప్పబోయేది ముందే బయటపడుతుంది, అది అస్సలు వద్దు.

ఇక మిగిలింది సబ్‌టైటిల్‌ని వీడియో బొమ్మలోనే అచ్చువేయడం. వీడియోని మార్చే ఎఫ్ఎఫ్‌ఎంపెగ్ అనే సాఫ్ట్‌వేర్‌లో, సబ్‌టైటిల్‌ని అచ్చువేసే ఏఎస్‌ఎస్ ఫిల్టర్‌కి షేపింగ్‌ని (అక్షరాలు అమర్చే పద్ధతిని) ‘కాంప్లెక్స్’ అని పెట్టండి, ‘సింపుల్’లో ఒత్తులు చెదురుతాయి. ఫాంట్ ‘మండలి’ అయితే మేలు. ‘రామభద్ర’ ఫాంట్ శీర్షికలకి అందం, ఇంత చిన్న సైజులో లావు గీతలన్నీ కలిసిపోతాయి. అయినా విడి ఫైలంటేనే నాకిష్టం, దిద్దుబాటు ఎప్పుడైనా చేసుకోవచ్చు. టీవీకోసం ఈ ఒక్క సీను ముక్కనే అచ్చువేసి, మిగతాది ఎస్ఆర్‌టీగా ఉంచితే అతుకు కనబడుతుందా అన్నది ఈ వారం తేల్చాలి.

ఆ తర్వాత చేయబోయేది అదే సిరీస్‌లోని ‘ఎనీ ఓల్డ్ పోర్ట్ ఇన్ ఎ స్టార్మ్’ (1973). అందులో రెస్టారెంట్ సీను కీలకం. పాడైన వైన్ రుచి చూసి డొనాల్డ్ ప్లెజెన్స్ మండిపడేచోట సబ్‌టైటిల్ అతని ముఖానికి అడ్డురాకూడదు, కాబట్టి వాక్యం ఒక్క వరుస దాటకుండా ముందే కుదించి పెట్టుకుంటున్నాను.