విచ్చుకున్న తూటా, లోతుకు దిగిన తూటా

జనవరిలో ఓహాయోలో మజిల్‌లోడర్ వేట కాలం మొదలయ్యేలోపు ఏ తూటాతో పొలం గట్టెక్కాలో తేల్చుకోవలసిన పని, వారం వారం వాయిదా పడుతూ వచ్చి, చివరికి ఈ శనివారం పూర్తయింది. మన ఏజెన్సీ ప్రాంతాల వార్తల్లో నాటు తుపాకీ అని చదువుతూ ఉంటాము. ఈ తుపాకీ మూలసూత్రమూ అదే. మూతి నుంచి మందు పోసి, దాని మీద తూటాను కడ్డీతో దట్టించి, ఒక్కసారి పేల్చడమే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం తరువాత మన దేశంలో ఇటువంటి వేట నేరమైంది. ఇక్కడ మాత్రం, ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లకు ఈ రాష్ట్రంలో కనుమరుగైన తెల్లతోక జింక ఇప్పుడు 88 కౌంటీలలోనూ విస్తరించి ఉండడంతో, ప్రభుత్వమే అనుమతి పత్రాలిచ్చి వేటను నడిపిస్తుంది.

పరీక్షకు పక్క పొలం పెద్దాయన స్థలమిచ్చారు. వెనుక ఎత్తైన మట్టికట్ట, దాని ముందు పొడవాటి చెక్కబల్ల, బల్ల మీద ఒకదాని వెనుక ఒకటిగా నీళ్లు నింపిన గాలన్ పాల డబ్బాలు, ఇదీ మా ప్రయోగశాల. పద్ధతి ప్రకారమైతే నూటికి పది పాళ్ల జెలటిన్‌తో దిమ్మ పోసి, దానిని నాలుగు డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంచి, ముందుగా ఒక చిన్న ఉక్కు గుండును సెకనుకు సుమారు 590 అడుగుల వేగంతో అందులోకి కొట్టి, అది దాదాపు 8.5 సెంటీమీటర్లు దిగిందని చూసుకున్న తరువాతే అసలు తూటాను పేల్చాలి. మా ఇంటి ఫ్రిజ్‌లో పెరుగు గిన్నెల పక్కన అంత దిమ్మకు చోటడిగే ధైర్యం నాకు లేదు కనుక నీళ్లతోనే సరిపెట్టుకున్నాము.

నీళ్ల డబ్బాల పరీక్షకు ఒక పరిమితి ఉంది, దానిని మరచిపోతే ఫలితాలు తప్పుదారి పట్టిస్తాయి. నీరు నొక్కితే కుంచించుకుపోదు, పక్కకు తప్పుకోవడానికి దానికి సమయమూ చాలదు, అందువల్ల బోలు ముక్కు ఉన్న తూటాలోకి అది ఒత్తిడితో చొరబడి దానిని బలవంతంగా తెరుస్తుంది. జింక పక్కటెముకల వెనుక ఉన్నది ఎక్కువ భాగం గాలితో నిండిన ఊపిరితిత్తులు. వాటి ముందు చర్మమూ, వెంట్రుకలూ, ఒక్కొక్కసారి ఎముకా ఉంటాయి. కాబట్టి నాలుగు డబ్బాలు దాటిన తూటా జింకలో ఇన్ని అంగుళాలు పోతుందని లెక్క కట్టడం సాధ్యం కాదు. ఒకే రోజున, ఒకే వరుసలో, ఒక తూటాను మరొక తూటాతో పోల్చుకోవడానికి మాత్రం అది చక్కగా పనికివస్తుంది.

నా తుపాకీ 0.50 అంగుళాల గొట్టం కలది. లోపలి గాడులు 28 అంగుళాలకు ఒక చుట్టు తిరుగుతాయి కనుక బరువైన పొడవాటి తూటాలకు అనుకూలం. పెద్దాయన పాత తుపాకీలో ఆ చుట్టు 66 అంగుళాలకు ఒక్కటే. నూనె పట్టించిన గుడ్డ పేలికలో చుట్టి దించే గుండ్రటి సీసపు గుండు అందులోనే కుదురుగా పోతుంది. ఆ 0.490 అంగుళాల గుండు బరువు సుమారు 177 గ్రెయిన్లు, అంటే పదకొండున్నర గ్రాములు. దగ్గరి నుంచి పేల్చినప్పుడు మెత్తని సీసం కావడంతో అది అణగి బిళ్లగా మారి నాలుగో డబ్బాలో ఆగిపోయింది. అదే గుండును 100 గజాల నుంచి పేల్చితే, దారిలోనే మూడో వంతుకు పైగా వేగం పోగొట్టుకున్నా, దాదాపు అంతే లోతుకు దిగింది. వేగం తగ్గినందువల్ల తక్కువ అణగింది, తక్కువ అణగినందువల్ల నీటి అడ్డు తగ్గి ముందుకు పోయింది. విచ్చుకోవడమూ, లోతుకు దిగడమూ ఒకే శక్తిని పంచుకునే రెండు పనులని దీని కంటే స్పష్టంగా చూపే ఉదాహరణ నాకు తెలియదు.

ఈ సంగతి మనసులో ఉంచుకొని చూస్తే సాబో అనే ప్లాస్టిక్ తొడుగులో పెట్టి పేల్చే పిస్తోలు తూటా నాకు నచ్చలేదు. బోలు ముక్కుతో, రాగి పూతతో ఉన్న ఆ 240 గ్రెయిన్ల తూటా పిస్తోలు వేగానికి తగినట్లు తయారైనది. 100 గ్రెయిన్ల మందు దానిని అంతకంటే ఎంతో ఎక్కువ వేగంతో నెట్టడంతో మొదటి డబ్బాను చీల్చి పారేసి, మూడో డబ్బాలో సీసం ఒక చోట, రాగి పెంకు మరొక చోట తేలాయి. మొదటి డబ్బా అంత ఎత్తుకు ఎగిరిపడడం చూసి చప్పట్లు కొట్టాలనిపిస్తుంది. అయితే ఆ ఆర్భాటమంతా పైపైన జరిగిందే. నా తుపాకీతోనే పేల్చిన 350 గ్రెయిన్ల మెత్తని సీసపు తూటా అటువంటి వినోదమేమీ చూపలేదు. ముక్కు పుట్టగొడుగులా మడిచి, బరువు దాదాపు చెక్కుచెదరకుండా, ఆరో డబ్బా దాకా నెమ్మదిగా తన పని తాను చేసుకుపోయింది.

వేటగాడికి కావలసింది రెండో రంధ్రమని పెద్దాయన పదేపదే చెబుతారు, నేనూ అదే పక్షం. ఈ తుపాకీలో మరో తూటా దట్టించడానికి చాలా సేపు పడుతుంది, పొగ కమ్ముకొని జింక ఎటు పోయిందో వెంటనే కనబడదు. తూటా అవతలి వైపుకు దూసుకుపోతే రెండు వైపులా కారిన నెత్తుటి జాడను పట్టుకొని వెళ్లవచ్చు, గాయపడిన జంతువును పొదల్లో అలమటించనివ్వకుండా ఉండవచ్చు. యుద్ధంలో విచ్చుకునే తూటాలను 1899 హేగ్ ప్రకటన నిషేధించింది. అటువంటి తూటాలు తయారైన కలకత్తా దగ్గరి డమ్‌డమ్ ఆయుధశాల పేరు ఆ వివాదం వల్లనే ప్రపంచానికి తెలిసింది. జింక వేటలో మాత్రం విచ్చుకోని తూటా వాడడమే క్రూరత్వంగా ఎంచుతారు, ఎందుకంటే సన్నని రంధ్రంతో జంతువు చాలా దూరం పరుగెత్తి బాధపడుతూ చస్తుంది.

ఇక మిగిలింది పూర్తిగా రాగితో చేసిన 250 గ్రెయిన్ల తూటా. మాంసం ఇంటికి తెచ్చి పిల్లలకు వండి పెట్టేవాడికి సీసపు తునకల భయం ఉండక తప్పదు. కాలిఫోర్నియా 2019 జూలై నుంచి వేటలో సీసపు తూటాలను పూర్తిగా నిషేధించింది కూడా. దగ్గరి నుంచి పేల్చినప్పుడు దీని ముక్కు రేకలుగా విడివడి, ఒక్క రేకా ఊడకుండా, సీసపు తూటాతో సమానంగా దిగింది. కాలిపర్‌తో కొలిచినా, త్రాసులో తూచినా వంక పెట్టడానికి ఏమీ లేదు. అయితే రాగి సీసం కంటే గట్టిది, విచ్చుకోవడానికి దానికి తగినంత వేగం కావాలి, మూతి నుంచి మందు పోసే ఈ తుపాకీలో 100 గజాల దగ్గర ఆ వేగం మిగులుతుందా అన్నదే అసలు ప్రశ్న. అంత దూరం నుంచి పేల్చినప్పుడు తూటా డబ్బాల వరుసను దాటి పక్కకు పోయి మట్టికట్టలో దిగబడింది, దానిని బట్టి ఏమీ చెప్పలేము. వచ్చే వారం మందు తగ్గించి, దూరాన మిగిలే వేగంతోనే దగ్గరి నుంచి పేల్చి చూస్తాను. అంతవరకు నా సంచిలో ఉండేది 350 గ్రెయిన్ల సీసమే.