ట్యూబులో మరక లేదంటే బయోఫిల్మ్ లేనట్టేనా?

నీళ్ల తొట్టి ఖాళీ చేశాక కూడా గోడకి జారుడుగా అంటుకుని ఉండే పాచిని చూసే ఉంటారు. రోగికి పెట్టిన క్యాథటర్ గొట్టం లోపల కాండిడా అనే ఫంగస్ కట్టుకునే బయోఫిల్మ్ కూడా దాదాపు అలాంటిదే. మామూలు సెన్సిటివిటీ రిపోర్టులో పనిచేస్తుందని వచ్చిన ఫ్లూకొనజోల్ అనే ఫంగస్ మందు ఆ పొరలో దాక్కున్న కణాల మీద చాలాసార్లు పనిచెయ్యదు, అందుకే వీలైతే క్యాథటరే తీసెయ్యమంటారు.

పీజీ థీసిస్‌కి ఏ కాండిడా బయోఫిల్మ్ కడుతుందో చూడ్డానికి నేను ట్యూబ్ పద్ధతితో మొదలుపెట్టాను. 1982లో క్రిస్టెన్‌సెన్ బృందం స్టెఫిలోకాకస్ బాక్టీరియా కోసం తెచ్చిన పద్ధతి ఇది, తర్వాత కాండిడాకీ వాడుతున్నారు. 8 శాతం గ్లూకోజ్ ఉన్న సాబురాడ్ బ్రాత్ అనే పోషక ద్రవంలో కల్చర్ పెంచి, పారబోసి, సాఫ్రనిన్ అనే ఎర్ర రంగు వేస్తే గోడకి ఎర్రటి పొర కనిపించాలి. ద్రవం పైఅంచున వచ్చే రింగు మాత్రం లెక్కలోకి రాదు. ఖర్చు తక్కువ, మెషీన్ అక్కర్లేదు, కానీ తీర్పు మొత్తం కంటిదే: నేను ‘వీక్’ అని రాసిన ట్యూబునే జూనియర్ ‘నెగటివ్’ అంది, ఇద్దరం మళ్లీ వెలుతురులో పట్టి చూసినా తేలలేదు.

అప్పుడు 96 చిన్న గుంటలు (వెల్స్) ఉన్న ప్లేటుకి మారాను. ఆర్‌పీఎంఐ అనే పోషక మీడియంలో మిల్లీలీటరుకి పది లక్షల కణాలు, వెల్‌కి 100 మైక్రోలీటర్లు, 37 డిగ్రీల దగ్గర 24 గంటలు. ఇంతవరకూ ఎవరైనా చేస్తారు, అసలు పరీక్ష అంటుకోని కణాల్ని కడగడంలో ఉంది. మొదటి ప్లేటులో ఒకే ఐసోలేట్‌కి (ఒక నమూనా నుంచి వేరుచేసి పెంచిన కాండిడాకి) ఎనిమిది వెల్స్‌లో ఎనిమిది రకాల రీడింగులు వచ్చి చాలా టెన్షన్ పడ్డాను. చూస్తే, పిపెట్ టిప్ అడుగుకి తగిలి పొర తునకలు తునకలుగా లేచిపోతోంది. టిప్‌ని గోడకి ఆనించి బఫర్‌ని మెల్లగా వదలడం, అంచు వెల్స్ త్వరగా ఎండిపోతాయి కాబట్టి వాటిలో శుభ్రమైన నీళ్లు నింపి వదిలెయ్యడం, మీడియం మాత్రమే ఉన్న బ్లాంక్ వెల్స్ ప్రతిసారీ పెట్టడం, ఈ మూడూ అలవాటయ్యాకే అంకెలు దారికొచ్చాయి.

ఇక రంగు సంగతి. ప్లేటులో వేసే క్రిస్టల్ వయొలెట్ అనే ఊదా రంగు బతికున్న కణాలకీ, చచ్చిన వాటికీ, చుట్టూ ఉన్న జిగురుకీ అన్నిటికీ పడుతుంది, అంటే పొర ఎంత మందంగా కట్టిందో చెప్తుంది. మందు వేశాక కణాలు చచ్చినా పొర అక్కడే ఉంటే వెల్ ఊదాగానే కనిపిస్తుంది. మందు పనిచేసిందా అన్న ప్రశ్నకి 2001లో రామేజ్ బృందం కాండిడా బయోఫిల్మ్‌కి ప్రామాణికం చేసిన ఎక్స్‌టీటీ అనే రసాయనంతో చేసే పరీక్షే కావాలి, బతికున్న కణాలు ఆ రసాయనాన్ని నారింజ రంగులోకి మారుస్తాయి, 490 నానోమీటర్ల దగ్గర చదువుతాం. అయితే అన్ని ఐసోలేట్లూ ఒకే వేగంతో మార్చవు కాబట్టి దాని అంకెతో ‘ఇది దానికంటే పెద్ద బయోఫిల్మ్’ అనడం నా దృష్టిలో తప్పు.

ట్యూబులో నెగటివ్ అన్న ఒక పారాసైలోసిస్ (కాండిడాలో ఒక జాతి) ఐసోలేట్ ప్లేటులో ముదురు ఊదా రంగు ఇచ్చింది. ఆ రోజే నా థీసిస్ టేబుల్‌లో ‘బయోఫిల్మ్: ఉంది/లేదు’ అన్న గడి కొట్టేసి, ట్యూబ్, క్రిస్టల్ వయొలెట్, ఎక్స్‌టీటీ అని మూడు గడులు గీశాను.