డీజిల్ అడుగున నీరు

2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను చెన్నైని ముంచినప్పుడు, మా అపార్ట్‌మెంటు జనరేటరు రెండు నిమిషాలు దగ్గి ఆగిపోయింది. మెకానిక్ ట్యాంకు అడుగు నుంచి ఒక సీసాలోకి పట్టి చూపించాడు: కింద మూడు వేళ్ల మందాన మురికి నీరు, పైన డీజిల్, నడుమ జిగురు పొర. ఆ పొరలోనే సూక్ష్మజీవులు పెరిగి, వాటి మడ్డి ఫిల్టర్లను మూసేస్తుంది. వాన నీరే దిగనక్కరలేదు. సగం ఖాళీ ట్యాంకులో గాలి తేమ చెమ్మగిల్లినా చాలు.

మాకు పోయింది లిఫ్టు, ఫ్రిజ్‌లోని పెరుగు. అణువిద్యుత్ కేంద్రంలో అయితే, రియాక్టరును ఆపిన మరుక్షణంలోనూ ఇంధనం పూర్తి సామర్థ్యంలో సుమారు 6 శాతం వేడిని విడుదల చేస్తూనే ఉంటుంది కనుక, గ్రిడ్ పోతే చల్లబరిచే పంపులకు డీజిల్ జనరేటర్లే దిక్కు. 2011 మార్చి 11న జపాన్‌లోని ఫుకుషిమా అణువిద్యుత్ కేంద్రంలో సునామీగా వచ్చిన సముద్రం వాటిని బాహాటంగానే ముంచేసింది. ఇంధనంలోని నీరు మాత్రం చడీచప్పుడు లేకుండా దిగుతుంది. నన్ను ఎక్కువగా కలవరపెట్టేది వేరు: ఒకటి చెడితే మరొకటి ఉండాలని రెండు మూడు జనరేటర్లు పెట్టుకున్నా, అన్నింటికీ ఒకే ట్యాంకరు డీజిల్ పోస్తే అన్నీ ఒకేసారి మొరాయించవచ్చు. అందుకే అణువిద్యుత్ కేంద్రాల్లో కొత్త ఇంధనాన్ని నమూనా తీసి పరీక్షిస్తారు, అడుగున చేరిన నీటిని గడువు ప్రకారం తీసేస్తారు.

మా కార్యదర్శిగారితో ఈ మాటే అంటే, "నెలనెలా ఆ పని చేసే మనిషి ఎక్కడ దొరుకుతాడండీ?" అన్నారు.