తొమ్మిదో రాత్రి తర్వాత

కాశీలో తొమ్మిది రాత్రులు నిద్ర చేయాలని మన పెద్దవాళ్లు చెబుతారు. తల్లి కడుపులో ఉన్న తొమ్మిది నెలలకి లెక్కట అది. మా తొమ్మిదో రాత్రి డిసెంబరు చలిలో, పాండే హవేలీ దగ్గర ఒక సత్రం గదిలో గడిచిపోయింది. నాలుగింటికి మెలకువ వచ్చి చూస్తే మిగతా ముగ్గురూ అప్పటికే లేచి, దుప్పట్లు కప్పుకుని, చీకట్లోనే కూర్చుని ఉన్నారు. లైటు ఎవరూ వేయలేదు.

"ఇవాళ ఏ గుడికే?" అంది పాలకొల్లు.

"ఏ గుడీ లేదు. అన్నీ అయిపోయాయి" అంది తణుకు.

పదిహేడు రోజుల్లో ఆ మాట వినడం అదే మొదలు.

మా పేర్ల సంగతి చెప్పాలి. 1984లో కాకినాడలో డిగ్రీలో చేరినప్పుడు హాస్టల్లో మా గదికి నలుగురం వచ్చాం. నలుగురి పేర్లలోనూ లక్ష్మి ఉంది. వార్డెనుగారు "లక్ష్మీ" అని ఒక్క కేక వేస్తే నలుగురం పరుగెత్తేవాళ్లం. వారం తిరక్కుండానే ఊరి పేర్లతో పిలుచుకోవడం మొదలైంది. తణుకు, పాలకొల్లు, బొబ్బిలి, అమలాపురం. అమలాపురం నేను. పెళ్లిళ్లయి, ఊళ్లు మారి, మనవలు పుట్టినా ఆ పేర్లు మారలేదు. ఎవరమూ పుట్టిన ఊళ్లో లేం. ఆ ఊళ్ల పేర్లతో మమ్మల్ని పిలిచేవాళ్లు ఈ లోకంలో ఇంకెవరూ లేరు.

ప్రయాగ, అయోధ్య, నైమిశారణ్యం, గయ, ఆఖరున కాశీ. మూడేళ్ల నుంచి అనుకుంటున్న యాత్ర. గయలో అక్షయవటం దగ్గర తలా ఒక కాయ, ఒక పండు వదిలాం. వదలమనేది కాయాపేక్షనీ ఫలాపేక్షనీ తప్ప కూరగాయల్ని కాదని చాలామంది పెద్దలు చెబుతూనే ఉన్నారు. అయినా నేను పనసపండు వదిలేశాను. కోనసీమలో పుట్టినదానికి అది చిన్న విషయం కాదు.

గయలోనే ఇంకొకటి కూడా జరిగింది. ఉమ్మడి డబ్బంతా తణుకు దగ్గర ఉండేది. రోజూ రాత్రి చిన్న నోటుబుక్కులో ఖర్చు రాసేది. ఆ రాత్రి లెక్కలో 640 రూపాయలు తేడా వచ్చింది. నేను రెండుసార్లు అడిగాను. మూడోసారి "సరిగ్గా చూసి రాయొచ్చు కదా" అన్నాను. అన్న మాట కంటే అన్న తీరు తప్పు. తణుకు బుక్కు మూసేసి పడుకుంది. ఆ తర్వాత కాశీలో తొమ్మిది రోజులూ నాతో మాట్లాడింది గానీ, అవసరానికి మాత్రమే. ఒకే గదిలో, ఒకే పంక్తిలో, ఒకే పడవలో తిరుగుతూ ఆ బరువు మోయడం ఎంత కష్టమో అనుభవిస్తే గానీ తెలియదు.

ఆఖరి స్నానం కేదార్ ఘాట్‌లో. మెట్ల పైన ఎర్రచారలు, తెల్లచారల గోడలతో కేదారేశ్వరుడి గుడి మంచులో సగమే కనపడుతోంది. అవతలి ఒడ్డు అసలు లేదు. గంగ ఇక్కడ ఉత్తరానికి పారుతుంది, ఘాట్లన్నీ తూర్పుకి తిరిగి ఉంటాయి. అందుకని సూర్యుడు సరిగ్గా మన ఎదుటే వస్తాడు. ఆ రోజు మాత్రం ఏడున్నర దాటాక తడిపిన పసుపు ముద్దలా కాసేపు కనిపించి మళ్లీ మంచులోకి పోయాడు. సైబీరియా నుంచి వచ్చే తెల్లపక్షులు పడవల చుట్టూ గోల చేస్తున్నాయి. యాత్రికులు కారప్పూస విసురుతుంటే గాల్లోనే అందుకుంటున్నాయి.

పాలకొల్లుకి మోకాళ్లు బాగా పట్టేశాయి. మిగిలిన రోజుల్లో ఎలాగో పట్టుకుని దింపాం. ఆ పొద్దున సగం మెట్ల మీదే కూర్చుండిపోయింది. "మీరు వెళ్లి రండే, నేను ఇక్కడినుంచే దణ్ణం పెట్టుకుంటా" అంది. బొబ్బిలి ఊరుకోలేదు. స్టీలు చెంబు తీసుకుని దిగింది. తను మునగక ముందే ఒక చెంబు నింపి పైకెక్కి వచ్చింది. మళ్లీ దిగింది, మళ్లీ ఎక్కింది. మూడు చెంబులు. పాలకొల్లు కళ్లు మూసుకుని తల వంచింది. బొబ్బిలి ఎడమచేత్తో దాని ముడి విప్పి, జుట్టు పాయలుగా విడదీసి, నెమ్మదిగా పోసింది. హాస్టల్లో ఆదివారాలు కుంకుడురసంతో తల రుద్దుకుని ఒకరికొకరు నీళ్లు పోసుకునేవాళ్లం. అప్పుడు కూడా దానికి పోసేది బొబ్బిలే. పాలకొల్లు ఏడుస్తోందో, ఆ చలి నీళ్లకి వణుకుతోందో నాకు తెలియలేదు.

కాలభైరవుడి దగ్గర సెలవు తీసుకోవడం, నల్లతాళ్లు కొనడం ముందురోజే అయిపోయాయి. సత్రం గది పదింటికి ఖాళీ చేసి సామాను ఆఫీసులో పెట్టాం. అప్పుడే ఫోన్లో చూస్తే, సాయంత్రం అయిదున్నరకి మొఘల్‌సరాయ్‌లో ఎక్కాల్సిన రైలు పొగమంచు వల్ల అయిదు గంటలు ఆలస్యం. ఆ స్టేషన్‌కి 2018లో దీన్‌దయాళ్ ఉపాధ్యాయ జంక్షన్ అని పేరు మార్చినా ఆటోవాళ్ల నోట మొఘల్‌సరాయే. వేరే రోజైతే టెన్షన్ పడిపోయేవాళ్లం. ఆ రోజు మాకు అయిదు గంటల కాశీ ఊరికే దొరికింది.

గొదౌలియా దాటాక ఒక సందులో మలయ్యో తిన్నాం. చలికాలంలోనే, అదీ పొద్దుటిపూటే దొరుకుతుంది. కాచిన పాలని రాత్రంతా ఆరుబయట మంచులో పెట్టి, తెల్లవారుజామున చిలికి, పైకి వచ్చిన నురగకి కుంకుమపువ్వు కలిపి మట్టి ముంతల్లో పెడతారు. మేం వెళ్లేసరికి గిన్నె అడుగున నాలుగు ముంతలకి సరిపడా ఉంది. నోట్లో పెట్టగానే పూతరేకు కరిగినట్టు పోయింది. మింగడానికి ఏమీ మిగల్లేదు. మిగతా రోజులన్నీ దర్శనాల క్యూలకి టైమైపోతుందని ఈ సందు ముందు నుంచే పరుగెత్తాం.

విశ్వనాథ గల్లీలో గంగ చెంబులు కొన్నాం. ఇంటికెళ్లాక కాశీ సమారాధన చేసి పంచిపెట్టడానికి తలా డజను. చిన్న రాగి చెంబులో గంగ పోసి మూతికి మాటు వేసి ఇస్తారు. ఆ పని చేసే ముసలాయన ముందు నేను చాలాసేపు నిలబడ్డాను. బొగ్గుల కుంపటిలో ఇనుపకడ్డీ ఎర్రగా కాలుతోంది. చెంబుని కాళ్ల మధ్య పట్టుకుని, మూతి మీద చిన్న రాగి బిళ్ల పెట్టి, కడ్డీతో టంకం ముక్కని తాకించి బిళ్ల చుట్టూ ఒక్క చుట్టు తిప్పాడు. టంకం వెండిలా మెరిసి, ఒక్క క్షణంలో మసకబారి గట్టిపడింది. బోర్లించి అంచు వెంట వేలితో తడిమాడు. తడి లేదు. తర్వాత చెంబుని చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. లోపల నీళ్లు పలకాలట. నిండుగా పోస్తే పలకవు, వేడికి వ్యాకోచించి మాటు ఊడొస్తుంది. అందుకని కాస్త ఖాళీ వదులుతాడు. నా చెవి దగ్గర కూడా పెట్టాడు. చిన్నగా, దూరంగా గలగలమంది.

మధ్యాహ్నం మంచు విడిచి ఎండ వచ్చింది. కేదార్ ఘాట్ పక్కనే విజయనగరం ఘాట్ ఉంది, విజయనగరం మహారాజుల పేరు మీద. అక్కడ మెట్ల మీద కూర్చుందాం అన్నాను.

"విజయనగరం వాళ్ల మెట్ల మీదా? నాను కూకోను" అంది బొబ్బిలి. 1757 జనవరిలో ఫ్రెంచి సేనాని బుస్సీ సైన్యంతో కలిసి విజయనగరం రాజు బొబ్బిలి కోట మీదికి వచ్చిన సంగతి అది హాస్టల్లో కూడా మర్చిపోనిచ్చేది కాదు. చివరికి అందరికంటే ముందు అదే చెప్పులు విప్పి కాళ్లు చాపుకుంది.

మాకు కుడిచేతి వైపు, లాలీ ఘాట్ అవతల హరిశ్చంద్ర ఘాట్. పొగ లేస్తోంది. ఒకదాని వెనక ఒకటి పాడెలు వస్తున్నాయి. చాలాసేపు ఎవరం మాట్లాడలేదు. తర్వాత పాలకొల్లు తనంతట తనే మొదలెట్టింది. వాళ్ల నాన్న హరిశ్చంద్ర నాటకంలో నక్షత్రకుడి వేషం వేసేవాడు. ధాన్యం అమ్మిన డబ్బుతో హార్మోనిస్టుని పిలిపించేవాడట. "మా నాన్న స్టేజి మీద వందసార్లు కాశీకొచ్చాడే. నిజంగా ఒక్కసారీ రాలేదు. తీసుకొస్తానని నేనూ అనలేదు" అంది. ఆయన పాడే పద్యంలో రెండు పాదాలు మెల్లగా రాగం తీసింది. గొంతు ఇప్పటికీ బాగుంది. పైమెట్టు మీద గాలిపటం ఎగరేస్తున్న కుర్రాడు దారం పట్టుకుని అలాగే విన్నాడు.

నక్షత్రకుడు అన్న మాట దగ్గరే నా మనసు ఆగిపోయింది. అప్పు వసూలుకి హరిశ్చంద్రుడి వెంటపడి కాశీదాకా వచ్చినవాడు. మనూళ్లలో ఎవరినైనా డబ్బుకోసం వేధిస్తే నక్షత్రకుడిలా పీడించాడంటాం. నేను చేసిందీ అదే, అదీ నా తణుకుని.

పక్కకి జరిగి దాని చెయ్యి పట్టుకున్నాను. "గయలో నేను అలా మాట్లాడకూడదే. తప్పయింది" అన్నాను.

అది గంగవైపే చూస్తూ, "ఆ రాత్రి నుంచీ రోజూ కూడుతూనే ఉన్నానే. ఎక్కడ పోయాయో దొరకడం లేదు" అంది. నాకు దుఃఖం ఆగలేదు. దానికి నా మీద కోపమని తొమ్మిది రోజులూ అనుకున్నాను. అది దీపం తీసేశాక కూడా అంకెలు కూడుకుంటూ పడుకుందన్నమాట.

"హుండీలో వేశాం అనుకోండే" అంది పాలకొల్లు.

"ఇంక కూడొద్దు" అన్నాను నేను. సంచిలోంచి బుక్కు తీసి నా చేతికి ఇచ్చేసింది. నేను దాన్ని తెరవలేదు.

ఎండ పోయేదాకా అక్కడే ఉన్నాం. అల్లం టీలు తాగాం, మెస్‌లో పులుసు గురించి చెప్పుకున్నాం, బొబ్బిలి నా ఒళ్లో తల పెట్టుకుని అరగంట నిద్రపోయింది. కాశీలో నాకు బాగా గుర్తుండిపోయే దర్శనాల్లో ఆ మధ్యాహ్నం ఒకటి.

ఎనిమిదింటికి ఆటో మాట్లాడుకున్నాం. రాజ్‌ఘాట్ వంతెన 1887 నాటిది. కింద రైళ్లు, పైన బళ్లు. మధ్యలో ట్రాఫిక్ ఆగింది. కిందినుంచి ఏదో రైలు వెళ్తుంటే వంతెన అదిరింది. కుడివైపు ఘాట్ల దీపాలన్నీ మంచులో కలిసిపోయి, వంపు తిరిగిన ఒకే పసుపు గీతలా ఉన్నాయి. నలుగురం అటే ఒరిగిపోయాం. ఏది కేదార్ ఘాటో, ఏవి మేం కూర్చున్న మెట్లో పోల్చుకునేలోపు ఆటో కదిలింది.

ప్లాట్‌ఫాం మీద సామాను మధ్య కూర్చున్నాం. రైలు ఇంకో గంట ఆలస్యమన్నారు. ఎవరం విసుక్కోలేదు. తణుకు నా భుజానికి ఆనుకుని, సంచిలోంచి ఒక చెంబు తీసి చెవి దగ్గర ఊపింది. తర్వాత నా చెవి దగ్గర ఊపింది.

"వినపడుతోందా అమలాపురం?" అంది.