హోస్‌డాగుర్: ఫారో భాషలో ఒక గురువారం

ఫారో భాష గురించి చదవడం మొదలుపెట్టినప్పుడు, అది ఐస్లాండిక్‌కు కాస్త అరిగిపోయిన రూపమై ఉంటుందని అనుకున్నాను. డెన్మార్క్ రాజ్యంలో భాగమైన 18 దీవుల మీద సుమారు 50 వేల మంది మాట్లాడే ఆ భాష మాటలను దాని తోబుట్టువుల మాటల పక్కన పెట్టి చూశాక ఆ అభిప్రాయం నిలవలేదు.

ముందుగా వారాల పేర్లు చూడండి. ఫారోలో మంగళవారం టీస్‌డాగుర్. పేర్లను వారి వర్ణక్రమాన్ని బట్టి రాస్తున్నాను, పలుకుబడి వేరు. టీస్‌డాగుర్‌లో ఉన్నవాడు టీర్ అనే పాత దేవుడు. ఐస్లాండిక్‌లో అదే రోజు 'మూడో రోజు', గురువారం 'ఐదో రోజు'. 12వ శతాబ్ది ఆరంభంలో ఐస్లాండ్‌లోని హోలర్ బిషప్ యోన్ ఓగ్ముండ్సన్ పాత దేవతల పేర్లను వారాల నుంచి తీసివేయించాడని అక్కడ చెప్పుకుంటారు. అంటే ప్రాచీనతకు పేరుపడిన భాష వదులుకున్నదాన్ని ఫారో నిలుపుకొంది.

ఫారోలో గురువారం హోస్‌డాగుర్. ఆ రోజు ఉరుముల దేవుడు థోర్‌ది; అయినా ఈ పేరులో అతడు ఎక్కడున్నాడో నాకు చాలాకాలం అంతుపట్టలేదు. ఈ రెండు భాషలకూ తల్లి అయిన పాత నార్స్‌లోని 'థ' ఐస్లాండిక్‌లో అలాగే ఉండగా, ఫారోలో సాధారణంగా 'ట' అయింది. అందుకే హెలికాప్టర్ అక్కడ థిర్లా, ఇక్కడ టిర్లా. కాని కొద్ది మాటల్లో అది 'హ' అయింది. 'ఇది' అనే అర్థంలో ఐస్లాండిక్ వారు థెట్టా అంటే, ఫారో వారు హెట్టా అంటారు. హోస్‌డాగుర్‌లోని 'హ' కూడా ఆ థోర్‌దే.

కొన్ని మాటలకు ఈ భాషలన్నీ చెందిన జెర్మానిక్ కుటుంబంలో మూలమే లేదు. వేసవిలో పశువులను మేపే కొండ మకాంకు వాడిన ఎర్గి అనే మాట ఐర్లాండ్, స్కాట్లాండ్‌ల గేలిక్ నుంచి వచ్చింది. రాజధాని టోర్స్‌హావ్న్‌ను ఆనుకొని ఉన్న ఆర్గిర్ పేరులో అది నేటికీ వినిపిస్తుంది.

16వ శతాబ్దిలో మతసంస్కరణ తరువాత చర్చిలోనూ న్యాయస్థానంలోనూ డేనిష్ స్థిరపడింది. 1846లో హమ్మర్స్‌హయింబ్ అనే ఫారో మతాచార్యుడు వర్ణక్రమాన్ని ఏర్పరిచేదాకా ఫారోకు స్థిరమైన రాతరూపం లేదు. ఆ లోటు ఎరిగినవారు కాబట్టే తరువాతి తరాలు కొత్త మాటలను శ్రద్ధగా కల్పించుకున్నాయి. డేనిష్ వారు కంప్యూటర్ అని ఊరుకున్న యంత్రానికి, 'లెక్కించు' అనే క్రియ నుంచి టెల్డా పుట్టింది.

అయితే డబ్బు చెల్లించడాన్ని రాతలో గ్యాల్డా అన్నవారే మాటల్లో డేనిష్ నుంచి వచ్చిన బెటాలా అంటారు. శుద్ధివాదులకు అది నచ్చదు. వారి శ్రమ పట్ల నాకు గౌరవమున్నా, ఈ విషయంలో ఒప్పుకోలేను. గేలిక్ ఎర్గిని తనదిగా చేసుకున్న భాషలో బెటాలాకూ చోటుంది.