ఆర్డర్ ఒకటే, దుకాణాలు మూడు

తెలుగు పుస్తకాలు అమ్మే కొందరు చిన్న వ్యాపారులు కలిసి ఒక ఉమ్మడి వెబ్‌సైట్ పెట్టుకుంటున్నారు. ఒకరిది విజయవాడలో కొత్త పుస్తకాల దుకాణం, ఒకరిది హైదరాబాద్ కోఠిలో పాత పుస్తకాల వ్యాపారం, ఇంకొకరు సొంత ప్రచురణలు తప్ప వేరేవి ముట్టరు. తెర మీద కనిపించే హంగులన్నీ వేరే అబ్బాయి చూసుకుంటాడు. నా వంతుకు వచ్చింది పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్, అందులో సమాచారం దాచే టేబుళ్లు.

పుస్తకాల టేబుల్‌లో విక్రేత పేరుకు ఒక కాలమ్ పెడితే సరిపోదా అని అందరూ అడుగుతారు. చేనేత చీరలైతే సరిపోయేదే. ఏ నేతగాడి చీర ఆ నేతగాడిదే. పుస్తకం అలా కాదు. ఒకే నవల ముగ్గురి దగ్గరా ఉంటుంది, ముగ్గురి ధరలూ వేరు, కోఠి ప్రతికైతే అట్ట చిరిగి ఉంటుంది. అందుకే రెండు టేబుళ్లు పెట్టాను. మొదటి దానిలో పుస్తకం వివరాలు: పేరు, రచయిత, ప్రచురణకర్త, ముద్రణ సంవత్సరం. ఒక్కో పుస్తకానికి ఒక్కో వరుస, ఆ వరుస ఎవరి సొత్తూ కాదు. రెండో దానిలో ఏ పుస్తకం, ఎవరి దగ్గర, ఎంత ధరకు, ఏ స్థితిలో, ఎన్ని ప్రతులు. పాఠకుల అభిప్రాయాలు పుస్తకానికి చేరతాయి, ధర మాత్రం విక్రేత వరుసలోనే ఉంటుంది.

పుస్తకాలకు ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు సంఖ్య ఐఎస్‌బీఎన్‌నే ప్రైమరీ కీ, అంటే ఒక్కో వరుసను గుర్తుపట్టే నంబర్, చేద్దామని ఒక సలహా వచ్చింది. మన పాత పుస్తకాల్లో చాలా వాటికి అసలు ఐఎస్‌బీఎన్ లేదు. ఉన్నవాటిలోనూ 2007కు ముందువి పది అంకెలవి, తర్వాతవి పదమూడు అంకెలవి. కాబట్టి కీ మన సొంత నంబరే. ఐఎస్‌బీఎన్ ఉంటే రాస్తాం, లేకపోతే ఖాళీ. ఒకే నంబర్ రెండుసార్లు రాకూడదనే యూనిక్ నిబంధన పెట్టినా ఖాళీలు ఎన్ని ఉన్నా పోస్ట్‌గ్రెస్ పట్టించుకోదు.

అసలు పేచీ ఆర్డర్ దగ్గర మొదలవుతుంది. కొన్నవారు మూడు దుకాణాల పుస్తకాలు బుట్టలో వేసి ఒక్కసారే డబ్బు కడతారు. విజయవాడ పార్సిల్ రేపే వెళ్తుంది, కోఠి ఆయన పుస్తకం దొరకలేదని రద్దు చేస్తాడు, మూడోది వచ్చే వారం. ఇప్పుడు ఆ ఆర్డర్ ‘పంపినట్టా’, ‘రద్దయినట్టా’? ఆ ప్రశ్నే తప్పు. ఆర్డర్ కింద ఒక్కో విక్రేతకు ఒక ఉప ఆర్డర్, దాని కింద పుస్తకాల వరుసలు. చెల్లింపు పై ఆర్డర్‌కు తగులుతుంది. పార్సిల్, రద్దు, బిల్లు ఉప ఆర్డర్‌వి. పై ఆర్డర్‌కు స్థితి అనే కాలమ్ పెట్టనే లేదు. కావలసినప్పుడు కింది వాటిని చూసి లెక్కకట్టడమే.

ఉప ఆర్డర్ కింది పుస్తకాల వరుసల్లో కొన్ననాటి ధర, ఆనాటి కమిషన్ శాతం రెండూ రాసి ఉంచాలి. ఇది నకలు కదా, ఒకే సమాచారాన్ని రెండు చోట్ల ఉంచకూడదనే నార్మలైజేషన్‌కు విరుద్ధం కదా అని వాదించేవారుంటారు. కాదు. ఈ రోజు ధర వేరు, కొన్న రోజు ధర వేరు. అవి రెండు వేర్వేరు నిజాలు.

బిల్లు నంబర్ల దగ్గర నాకు భలే సరదా వేసింది. అచ్చు పుస్తకాల మీద జీఎస్టీ లేదు. అవి మాత్రమే అమ్మేవారు నమోదు కానక్కరలేదు కాబట్టి జీఎస్టీ నంబర్ కాలమ్ ఖాళీగా ఉండవచ్చు. మా వాళ్లలో ఒకరు పెన్నులూ అమ్ముతారు, ఆయనకు నమోదు ఉంది. నమోదైనవారి బిల్లు నంబర్లు ఒక ఆర్థిక సంవత్సరంలో వరుసగా నడవాలి, పదహారు అక్షరాలు దాటకూడదు. ఆ నంబర్ల క్రమం విక్రేతది, మా వెబ్‌సైట్‌ది కాదు. అంటే విక్రేత, సంవత్సరం, నంబర్ మూడూ కలిస్తేనే యూనిక్. దీనికి నంబర్లు తనంతట తానే ఇస్తూ పోయే పోస్ట్‌గ్రెస్ సీక్వెన్స్ వాడితే చిక్కే. ట్రాన్సాక్షన్ (జరిగితే అన్నీ జరగాలి, లేకపోతే ఏదీ జరగకూడదనే పనుల కట్ట) మధ్యలో రద్దయి వెనక్కి పోయినా సీక్వెన్స్ ఇచ్చిన నంబర్‌ను తిరిగి తీసుకోదు, 41 తర్వాత 43 వస్తుంది. అందుకని ఒక్కో విక్రేతకు, ఒక్కో సంవత్సరానికి ఒక వరుస ఉన్న చిన్న టేబుల్ పెట్టాను. ఆ వరుసను అప్పటికి ఇంకెవరూ మార్చకుండా తాళం వేసి, ఒకటి కలిపి, అదే ట్రాన్సాక్షన్‌లో బిల్లు రాయడం. బిల్లు ఆగిపోతే నంబరూ వెనక్కి వస్తుంది. తాళం ఒక విక్రేతకే కాబట్టి పక్కవారు ఆగే పని లేదు.

డబ్బంతా పైసల్లో, పూర్ణాంకాలుగా. వంద రూపాయల కూపన్‌ను మూడు సమాన భాగాలు చేస్తే తలా 33.33, ఒక పైసా మిగులుతుంది. ఆ పైసాను మొదటి వరుసకు కలపాలని నియమం. తగ్గింపు భారం ఎవరిదో చెప్పే కాలమ్ కూడా ఉంది. అది లేకపోతే ‘నా అమ్మకంలో ముప్పై మూడు ఎందుకు తగ్గింది’ అని ఫోన్లు మొదలవుతాయి.

విక్రేతలకు ఇవ్వవలసిన సొమ్ముకు ‘బాకీ’ అనే కాలమ్ లేదు. జమ, ఖర్చు పద్దులు మాత్రమే. పుస్తకం వాపసు వస్తే పాత పద్దు దిద్దం, ఎదురు పద్దు వేస్తాం. ఆ టేబుల్‌ మీద మార్చే, తుడిచే హక్కులు అప్లికేషన్‌కు ఇవ్వనే లేదు. ఇది కోఠి పెద్దాయనకు వివరించబోతే, “చిట్టాలో కొట్టివేతలు ఉండకూడదని మా నాన్న నేర్పింది ఇదే కదా బాబూ” అన్నారు. కంప్యూటర్ సైన్స్ చదివినవారికి ఇదే సంగతి చెప్పి ఒప్పించడానికి నాకు ఇంతకన్నా చాలా సేపు పడుతుంది.

ఇంకా తేలనిది డెలివరీ ఖర్చు. అయిదు వందలు దాటితే ఉచితం అన్నారు. మూడు దుకాణాల్లో కలిపి 540 రూపాయలకు కొన్నవారు 200 రూపాయల పుస్తకం తిప్పి పంపితే, మిగిలిన 340కి డెలివరీ రుసుము వసూలు చేయాలా వద్దా? చేస్తే ఎవరి ఖాతాలో వేయాలి? ముగ్గురూ మూడు మాటలు చెబుతున్నారు. వాళ్లు తేల్చుకునేదాకా డెలివరీ ఖర్చును ఉప ఆర్డర్‌లో కాలమ్‌గా కాకుండా విడి టేబుల్‌గానే ఉంచాను. ఏ మాట నెగ్గినా మిగతా టేబుళ్ల జోలికి పోనక్కరలేదు.