పాకాల బురదలో గోధుమరంగు పిట్టలు

నర్సంపేటలో దిగి, పక్షులను చూడ్డానికి పాకాల చెరువుకు ఆటో అడిగితే, హన్మకొండ నుంచి అక్కడిదాకా బస్సుకు పెట్టినదానికి నాలుగింతలు చెప్పారు. పది పన్నెండు కిలోమీటర్ల దారికి ఇదేం ధర అని గొణుక్కుంటూనే ఎక్కాను. యాసంగి వరికి నీళ్లు వదిలాక చెరువు వెనక్కి జరిగి బురద బయటపడే రోజులవి. ఏప్రిల్ దాటితే చలికాలపు వలస పక్షుల్లో చాలావరకు ఉత్తరాన ఉన్న దూరదేశాలకు తిరిగి వెళ్లిపోతాయి.

కాకతీయ గణపతిదేవుని కాలంనాటి ఆ చెరువు అందం గురించి, చుట్టూ ఉన్న అడవి గురించి చెప్పడానికి చాలామంది ఉన్నారు. నా చూపంతా నీటి అంచున తిరిగే చిన్న పిట్టల మీదే ఉంది. గులాబీరంగు పొడవాటి కాళ్ల బ్లాక్ వింగ్డ్ స్టిల్ట్‌ను గుర్తించడానికి పెద్ద విద్య అక్కరలేదు. తీతువు సంగతి సరేసరి. దాని కూత వింటే అపశకునమంటూ మా నాయనమ్మ తలుపు వేయడం ఇప్పటికీ గుర్తొస్తుంది. చిక్కంతా ఒకదాన్నొకటి పోలిన గోధుమరంగు పిట్టలు, శాండ్‌పైపర్లతోనే వచ్చింది.

ఒకే పిట్టను మూడు చోట్ల ఫొటో తీసి, కెమెరా తెరమీద పెద్దది చేసి చూస్తే మూడు జాతుల్లా కనిపించింది. ఎండలో కాళ్లు పసుపు, మబ్బు కమ్మినప్పుడు ఆకుపచ్చ, బురదలో దిగినప్పుడు నలుపు. పక్కన తెలిసిన పిట్ట మరొకటి లేకపోతే ఫొటోలో పరిమాణమూ తెలియదు. ఫోన్‌లోని యాప్ ఒక ఫొటోకు వుడ్ శాండ్‌పైపర్ అనీ, ఇంకోదానికి గ్రీన్ శాండ్‌పైపర్ అనీ చెప్పి ఊరుకుంది.

ఒడ్డున వల ఆరబెట్టుకుంటున్న ఒక పెద్దాయన నా అవస్థ చూసి దగ్గరకు వచ్చాడు. నేను చూపించిన తెర వైపు కన్నెత్తకుండా నీటి అంచుకే చేయి చాపి, "గది చూడుండ్రి సార్, నడిసినా నిలవడ్డా ఎనుకభాగం ఊపుకుంటనే ఉంటది. లేస్తె నీళ్లకు ఆనుకొని పోతది. ఆ చుక్కలది గట్ల కాదు, మీదికి పోతది" అన్నాడు. "ఎన్నాళ్లు ఉంటాయి కాకా ఇవి?" అంటే, "ఎండలు ముదిరేదాక" అని వల దగ్గరికి వెళ్లిపోయాడు.

తిరుగు బస్సులో, కుదుపుల మధ్య, ఆయన మాట పట్టుకొని ఫొటోలను మళ్లీ తిరగేశాను. కాళ్ల రంగును పక్కన పెట్టి చూస్తే, రొమ్ము పక్కనుంచి రెక్క వంపు ముందుకు పైకి చొచ్చుకొచ్చిన తెల్లటి చీలిక మూడింటిలోనూ ఉంది. కామన్ శాండ్‌పైపర్‌ను పట్టిచ్చేది అదే. అది ఎండను బట్టి మారదు. పెద్దాయన చెప్పిన చుక్కల పిట్టకు కంటిమీది తెల్లగీత కన్ను దాటి వెనక్కి సాగింది, వీపంతా లేత చుక్కలున్నాయి కనుక అది వుడ్. గ్రీన్‌కు ఆ గీత కన్ను దగ్గరే ఆగిపోతుంది.

మరొకటి ఎగురుతుండగా తీసినది, బాగా కదిలిపోయి చెరిపేయడానికి సిద్ధంగా ఉన్న ఫొటో. అయితే రెక్కల అడుగు దాదాపు నల్లగా, తోక మొదలు తెల్లగా అందులో స్పష్టంగా పడ్డాయి. వుడ్‌కు రెక్కల అడుగు లేతగా ఉంటుంది కాబట్టి ఇది గ్రీన్ శాండ్‌పైపరే. అందమైన ఫొటో వేరు, సాక్ష్యానికి పనికొచ్చే ఫొటో వేరు అని నా అభిప్రాయం; కొత్తవాళ్లు నిలబడ్డ పిట్టతో పాటు లేచిన పిట్టనూ, వీలైతే ఓ చిన్న వీడియోనూ తీసుకోవడం మేలు.

శాండ్‌పైపర్ల బంధువే అయిన పిడికెడంత స్టింట్ ఒకటి మాత్రం తేలకుండా మిగిలిపోయింది. లిటిల్ స్టింట్‌కు నల్ల కాళ్లు, టెమింక్ స్టింట్‌కు పసుపుపచ్చ కాళ్లు ఉంటాయి. దాని కాళ్లేమో మోకాళ్లదాకా బురదలోనే ఉన్నాయి. టెమింక్‌కు తోక అంచు ఈకలు తెల్లగా ఉంటాయిగానీ, అది ఒక్కసారైనా తోక విప్పలేదు. ఫొటో కింద "స్టింట్" అని మాత్రం రాసి, కెమెరా సంచిలో పెట్టేశాను.